ఊర్లున్నయి, దారుల్లేవు

మా ఆయన నా ఆట తెరిచి చూసి నవ్విన ఆదివారం నుంచి మొదలుపెట్టాలి.

కామారెడ్డి బస్టాండు దగ్గర ఆయనకు జిరాక్సు షాపు ఉంది. అక్కడ పాతబడిన కంప్యూటరు ఒకటి ఇంటికి తెచ్చి ముందుగదిలో పెట్టాడు. దాంట్లో ఒక ఆట ఉండేది. ఆదివారాలు ఆయన ఆడేవాడు, మిగతా రోజుల్లో మధ్యాహ్నం పాప పడుకున్నాక నేను ఆడేదాన్ని. ఎవరి ఆట వాళ్ళు వేరుగా దాచుకునేవాళ్ళం. 2013లో మా వీధికి కరెంటు పన్నెండింటికి వచ్చి రెండింటికి పోయేది. పాప నిద్రపోయేసరికి ఒంటిగంట అయ్యేది. నాకు మిగిలేది ఆ గంట. డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో నవల కోసం ఎంత ఆత్రపడేదాన్నో, ఆ గంట కోసం అంత ఆత్రపడేదాన్ని.

ఆట తెలియనివాళ్ళకు కొంత చెప్పాలి. అందులో ఒక పెద్ద దేశం ఉంటుంది. కొండలు, వాగులు, కోటలు, పల్లెలు. ఇటే పోవాలని ఎవరూ చెప్పరు, ఎటైనా పోవచ్చు. మొదట్లో మ్యాపంతా మసకగా ఉంటుంది. ఒక ఊరు ఒకసారి చేరితే ఆ ఊరి గుర్తు మ్యాపు మీద వెలుగుతుంది. ఇక ఆ తర్వాత అక్కడికి నడవనక్కర్లేదు. గుర్తు మీద నొక్కితే తెర నల్లబడి 'లోడింగ్' అని వస్తుంది. మళ్ళీ వెలుగు వచ్చేసరికి ఆ ఊరి గుమ్మంలో నిలబడి ఉంటాం. దాన్ని ఫాస్ట్ ట్రావెల్ అంటారు.

నేను ఎప్పుడూ నొక్కేదాన్ని. కొత్త ఊరైతే బండి కట్టించుకునేదాన్ని. ఆటలో డబ్బు తీసుకుని పట్నాలకు చేర్చే గుర్రపుబండివాడు ఒకడు ఉంటాడు.

ఆ ఆదివారం ఆయన నా మ్యాపు పైకీ కిందికీ జరిపి చూశాడు.

"ఏందే ఇది? నీ ఆటల ఊర్లున్నయి, దారుల్లేవు."

"నాకుండేదే గంట. నడుసుకుంట పోతే ఊరొచ్చేలోపల కరెంటు పోతది."

"పోతే ఏమాయె? రేపు మల్ల అక్కడికెల్లే నడువు."

"దారిల తోడేళ్ళు మీదికొస్తయి. దొంగలొస్తరు."

"మరి గంత పెద్ద కత్తి నడుముకెందుకు కట్టినవ్? కూరగాయలు కోయనీకా?"

నవ్వాను. ఆయన ఆట గురించి మాట్లాడుతున్నాడు. నాకు మాత్రం లింగంపేట దారి గుర్తొచ్చింది.

*

అంతకు ముందు ఏడాది వానాకాలం. పాపకు ఏడాదిన్నర. ఎల్లారెడ్డిలో మా అమ్మగారింట్లో మా అన్న కూతురికి పుట్టువెంట్రుకలు తీస్తున్నారు. మేనత్తను నేనే లేకపోతే ఎలా అని పొద్దున్నే బయల్దేరాను. మా ఆయనకు షాపు ఉంది, రాలేదు. బస్సులో పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్కన ఒక నడివయసు ముస్లిం ఆమె కూర్చుంది. బురఖా ముసుగు వెనక్కి వేసుకుంది, ఒళ్ళో ఖాళీ చాట ఉంది. దారిలో వచ్చే లింగంపేటకు టికెట్ తీసుకుంది. పాప చెయ్యి ఆమెకు తగిలినట్టుంది, నా వైపు తిరిగింది.

"ఒళ్ళు కాలుతుంది గద బేటా, పిల్లకు."

"పొద్దటి సంది జర వెచ్చగుంది. మందు తాపిన. ఏం గాదు" అన్నాను.

ఆమె ఇంకేదో అనబోయి ఊరుకుంది.

లింగంపేటకు ఇంకా కొంత దూరం ఉందనగా పాప మెడ వెనక్కి వాలిపోయింది. కళ్ళు పైకి పోయి తెల్లగుడ్లు కనిపించాయి. కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది. నేను అరిచానట. నాకు గుర్తు లేదు. బస్సులో అందరూ ఒక్కసారి లేచింది మాత్రం గుర్తుంది. "ఉల్లిగడ్డ వాసన సూపెట్టుండ్రి" అని ఒకరు. "చెంచా పెట్టుండ్రి నోట్లె, నాలుక కర్సుకుంటది" అని ఇంకొకరు. ఎవరో నిజంగానే టిఫిన్ డబ్బాలోంచి చెంచా తీశారు. పక్కనున్న ఆమె ఆ చేతిని తోసేసింది. నడుము దగ్గర నుంచి తాళంచెవుల గుత్తి లాగి పాప పిడికిట్లో పెట్టి మూసింది. "ఇనుం పట్టియ్యాలె, ఇనుం పట్టియ్యాలె" అంటూ ఆ పిడికిలిని తన రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. మా దగ్గర ఫిట్స్ వస్తే చేసే మొదటి పని అది. చదువుకున్నదాన్ని, ఇనుముకు ఏ మహిమా లేదని నాకు తెలుసు. కానీ ఆ నిమిషంలో ఆమెను ఆ పిడికిలి వదలమనే ధైర్యం నాకు లేదు.

కండక్టరు బస్సు ఆపించాడు. ఎదురుగా కామారెడ్డి వైపు వస్తున్న ఆటోను డ్రైవరు చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. పాపను ఎత్తుకుని దూకినట్టే దిగాను. ఆస్పత్రికి చేరేసరికి పాప కొట్టుకోవడం ఆగిపోయి, నిద్రపోతోంది. నర్సు సూది కోసం చేతి వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. లోపల తాళంచెవులు.

రెండు చెవులు. ఒకటి పెద్దది, ఇంటి తాళానిది. ఇంకొకటి చిన్నది, ఏదో పెట్టెది. వాటితోపాటు ఎర్రదారానికి కట్టిన ఒక రేకు ముక్క. బీడీలు చుట్టేవాళ్ళు తునికాకును కత్తిరించేటప్పుడు కొలతకు ఆకు మీద పెట్టుకునే రేకు అది. అంటే ఆ మనిషి ఇంటికి పోయి, తాళం తీయలేక తన గుమ్మం ముందు తానే నిలబడిపోయి ఉంటుంది.

డాక్టరు చెప్పింది క్లుప్తంగానే. జ్వరం ఎక్కువైనప్పుడు కొందరు చిన్నపిల్లలకు ఇలా వస్తుంది, ఐదారేళ్ళు వచ్చేదాకా మళ్ళీ రావచ్చు, రాకపోవచ్చు, జ్వరం వస్తే జాగ్రత్త. ఆ 'రావచ్చు, రాకపోవచ్చు' నా చెవిలో ఉండిపోయింది. థర్మామీటరు నా సంచిలోకి వచ్చి చేరింది. నిద్రలో పాప వేలు కదిలినా నాకు మెలకువ వచ్చేసేది.

ఆయన ఆస్పత్రికి పరిగెత్తుకొచ్చి అడిగిన మొదటి మాట, "పొద్దున బాగనే ఉండె గద?"

"బాగనే ఉండె. బస్సులనే జరం వచ్చింది" అన్నాను.

అబద్ధం. పొద్దున పాలు పట్టేటప్పుడే ఒళ్ళు వెచ్చగా తగిలింది. సిరప్ తాగించి, పుట్టువెంట్రుకలకు ఆలస్యమవుతుందని బస్సెక్కాను. ఆ సంగతి తెలిసిన మనిషి ఈ లోకంలో ఒక్కరే. ఆ ఒక్క మనిషి తాళంచెవులే నా దగ్గర ఉండిపోయాయి.

వంటగదిలో పోపు డబ్బాల వెనక వాటిని పెట్టాను. రేపు ఎవరితోనైనా పంపిద్దామని ఆయనతో అన్నాను. ఆ రేపు ఏడాదిన్నర దాకా రాలేదు.

*

తర్వాత ఎల్లారెడ్డికి మూడుసార్లు పోయాం. మూడుసార్లూ మా ఆయన స్నేహితుడి కారులో. నేను వెనక సీట్లో పాపను పడుకోబెట్టుకుని, ఆమె ముఖం మీద నుంచి కన్ను తిప్పకుండా కూర్చునేదాన్ని. బయట ఏ ఊరు వచ్చిందో, ఎక్కడ వరి ఉందో, ఎక్కడ మక్క ఉందో ఎన్నడూ చూడలేదు. కారు ఆగాక ఆయన వెనక్కి తిరిగి, "దిగు, లోడింగ్ అయిపోయింది" అనేవాడు.

మిగతా సమయంలో మా అమ్మే వచ్చేది. ఆ చలికాలం చివర ఫోనులో ఖరాఖండిగా చెప్పేసింది.

"నా మోకాళ్ళు బస్సెక్కనిస్తలేవు బిడ్డా. నువ్వే రా."

"కారు దొరికితే వస్తనమ్మా."

"కారెందుకే? నా బిడ్డవు, బస్సుల రానీకి ఏమైంది? ఊరు ఊరంత బస్సుల తిరుగుతలేరా?"

కారు కూడా దొరకలేదు. స్నేహితుడు దాన్ని అమ్మేశాడు.

సరిగ్గా ఆ వారమే మా ఆయన పందెం పెట్టాడు. నా ఆటలో ఏటి ఒడ్డున ఒక ఊరుంది, కొండ మీద ఒక కోట ఉంది. వాటి మధ్య నేను ఎన్నిసార్లు నొక్కి తిరిగానో లెక్కలేదు. "ఒక్కసారి నడువు. నొక్కొద్దు. నువ్వు నడిస్తే నేను ఓడినట్టు, ఇగ నీ ఆట మాటే ఎత్తను."

సోమవారం పాప పడుకున్నాక నడిచాను. నవ్వుకోవచ్చు గానీ, మౌస్ పట్టుకున్న చెయ్యి చెమట పట్టింది. చెట్ల వెనక ఏ చప్పుడైనా ఆగిపోయాను. ఒకచోట తోడేలు మీదికి వచ్చింది. వెంటనే మ్యాపు తెరిచి కోట గుర్తు మీద నొక్కాను. కుదరదంది ఆట. శత్రువు దగ్గరలో ఉండగా ఫాస్ట్ ట్రావెల్ పనిచేయదు. అది నాకు తెలిసిన నియమమే. కానీ ఎన్నడూ దారిలో లేను గనక ఎన్నడూ ఆ మాట నాకు ఎదురు కాలేదు. ఆ రోజు బస్సులోనూ అంతే. కళ్ళు మూసి తెరిచేలోగా ఆస్పత్రి గుమ్మంలో ఉండాలని ఎంత మొక్కుకున్నానో. అన్నిటికంటే అవసరమైన చోట అది లేదు. అక్కడ ఉన్నది ఒక చాట, రెండు చేతులు.

తోడేలును ఎలాగో చంపాను. మలుపు తిరిగితే దారి పక్కన ఒక గుడిసె. మ్యాపులో ఆ గుర్తు నాకు లేదు. బయట ఒక ఆడమనిషి కట్టెలు పేరుస్తోంది. దగ్గరికి పోతే, ఈ దారిన ఎవరూ రావడం లేదు, అంది. ఆటలో అందరికీ చెప్పే మాటే అయివుంటుంది. నేను మాత్రం కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను. నేను నొక్కిన ప్రతిసారీ, తెర నల్లబడిన ప్రతిసారీ, ఆమె ఇక్కడే ఉంది.

కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. లేచి వంటగదిలోకి పోయి పోపు డబ్బాల వెనక చెయ్యి పెట్టాను. ఆటలో సంచిలో వేసుకున్న ప్రతి వస్తువుకూ ఒక బరువు రాసి ఉంటుంది. తాళంచెవులకు మాత్రం సున్నా.

సాయంత్రం ఆయన టీ తాగుతుంటే గుత్తిని ముందు పెట్టాను.

"ఇవి ఇంక ఇంట్లనే ఉన్నయా?" అన్నాడు. "కండక్టరుకియ్యి. లింగంపేటల దింపుతడు."

"నేనే ఇస్త. పాపను తీస్కొని బస్సుల పోత."

"నువ్వా? బస్సులనా? ఎందుకే ఇప్పుడు?"

అప్పుడు చెప్పాను. పొద్దున వెచ్చగా ఉన్న ఒళ్ళు, సిరప్, పక్క సీట్లో ఆమె అడిగిన మాట, నేనిచ్చిన జవాబు. ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఏడాదిన్నర సంది నాకు చెప్పలే."

"చెప్పలే."

"డాక్టరు పొద్దున ఎట్లుండె అని నన్ను అడిగిండు. బాగనే ఉండె అని నేను చెప్పిన. నీ మాట పట్టుకొని."

లేచి షాపుకు పోయాడు. తిరిగి వచ్చాక అన్నం తనే వడ్డించుకుని తిన్నాడు. మర్నాడు పొద్దున చెప్పులు వేసుకుంటూ, నా వైపు చూడకుండా, "నేను కూడ వస్త" అన్నాడు.

"వద్దు."

"ఫోను చార్జింగ్ పెట్టుకో" అన్నాడు.

*

బస్సెక్కే ముందు మూడుసార్లు థర్మామీటరు పెట్టాను. పాపకు మూడేళ్ళు నిండాయి, "మల్లనా?" అని విసుక్కుంది. కిటికీ పక్కన కూర్చోబెట్టాను. నా చెయ్యి ఆమె మెడ వెనకే ఉంది. టౌను దాటాక ఈసారి బయటికి చూశాను. చూడక తప్పలేదు, పాప ప్రతి ఊరికీ "ఇదేమూరు?" అని అడుగుతోంది. పుట్టింటి దారి, చిన్నప్పటి నుంచి తిరిగిన దారి, అయినా బోర్డులు చదివి చెప్పాల్సి వచ్చింది. బస్సు ఒకచోట ఆగితే పాపను దగ్గరికి లాక్కున్నాను. ఆ రోజు దిగిన చోటు అదే అనుకున్నాను. కాదు. అసలు ఆ చోటు ఏదో గుర్తుపట్టలేకపోయాను. రోడ్డు పక్కన మక్కచేను, ఒక పంపుసెట్టు, అంతే. ఏడాదిన్నర నేను భయపడ్డ చోటికి ముఖమే లేదు.

లింగంపేటలో దిగి, బీడీలు అప్పజెప్పే చోటు ఎక్కడని అడిగాను. ఒక ఇంటి అరుగు మీద పదిమంది ఆడవాళ్ళు చాటలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఎర్రదారం పట్టుకుని రేకు ముక్క పైకి ఎత్తి చూపించాను.

"అవ్వా, ఇది ఎవలిదో ఎరుకనా?"

ఒకామె పాపను చూసింది, రేకును చూసింది.

"ఓయమ్మో! బస్సుల ఫిట్సొచ్చిన పిల్లనా? గీమెనేనా?"

"గింత పెద్దగైందా!" అంది ఇంకొకామె. "ఆమె అడగని బస్సు లేదు. కండక్టర్లు ఆమెను చూస్తే మొకం తిప్పుకుంటరు. ఆ పిల్ల బతికిందా, ఆ పిల్ల బతికిందా, ఇదే మాట."

పాపను ఎత్తి చంకలో వేసుకున్నాను. తాళంచెవులు పోయిన మనిషి తాళంచెవుల కోసం చూస్తుందనే నేను అనుకున్నాను.

అరుగు మీది ఆమే మమ్మల్ని వెనక సందులోకి తీసుకుపోయింది. ఆ ఇంటి గుమ్మంలో ఆమె, అదే మనిషి, ఆకు తడుపుతూ కూర్చుంది. నన్ను గుర్తుపట్టలేదు. నా చంకలోని పాపను చూసి లేచింది. తడిచేతులు కొంగుకు తుడుచుకుని పాప పిడికిలి పట్టుకుంది. విప్పింది, మూసింది, మళ్ళీ విప్పింది.

"అల్లా" అంది.

నేను గుత్తి ఇచ్చాను. "తప్పయింది. అప్పుడే ఇయ్యాల్సింది. ఇంటికెట్ల పోయినవో ఆనాడు..."

"రాయి పెట్టి పగలగొట్టిన తాళం. ఏం జేస్త? మల్ల కొత్తది కొన్న." చిన్న చెవిని వేళ్ళతో తడిమింది. "ఇది సందూకుది. దీన్ని పగలగొట్టలే."

"ఎందుకు?"

"చాబీ పిల్ల చేతిల ఉండంగ తాళం పగలగొడుతరా? ఇంటి తాళం పగలగొట్టినందుకే నాకు రెండు దినాలు నిద్ర రాలే. పిల్లకేమన్న అయితే నా రాయితోనే అయినట్టు."

గోడకు ఆనించిన ట్రంకుపెట్టె ముందు కూర్చుని చెవి తిప్పింది. తుప్పు పట్టింది, రెండుసార్లు తిప్పితే గానీ రాలేదు. లోపల రెండు రజాయిలు మడతపెట్టి ఉన్నాయి.

రెండు చలికాలాలు గడిచాయి. "మరి చలికి?" అన్నాను.

"చెల్లె ఒకటిచ్చింది. గడిచింది తీయ్." తర్వాత నా వైపు తిరిగింది. "ఆనాడు నువ్వు అన్నవ్, పొద్దటి సంది వెచ్చగుంది అని."

ఈ మాటకు భయపడే ఇన్నాళ్ళూ నేను రాలేదు. ఈ మాట కోసమే వచ్చాను కూడా.

"అన్నను."

"బస్సు దిగి తీస్కపో బేటా అని నా నోటిదాక వచ్చింది. తల్లికి తెల్వదా, నాకెందుకు అనుకున్న. చెప్పకపోతినే అని ఎన్ని దినాలు కొట్టుకున్ననో."

ఇద్దరం పాపనే చూస్తూ నిలబడ్డాం. పాప గుత్తిని తీసుకుని రేకు ముక్కతో నేల మీద గీరుతోంది. ఎండలో నడిచి వచ్చి చెంపలు ఎర్రగా ఉన్నాయి. నుదుటి మీద చెయ్యి వేశాను. వెచ్చగా తగిలింది.

థర్మామీటరు తీశాను. తొంభైతొమ్మిది దాటి కొంచెం పైన ఆగింది. సందు చివర కామారెడ్డి బస్సు హారన్ వినిపించింది. అది ఎక్కితే గంటలో ఆస్పత్రి. కాళ్ళు గుమ్మం వైపు కదిలాయి కూడా.

ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. మణికట్టు వెనక భాగం పాప మెడకు, పొట్టకు ఆనించి చూసింది. "ఈసారి చెప్త, విను. నాకైతే ఎండ వేడి లెక్క అనిపిస్తుంది. జర సేపు నీడకు కూసో, నీళ్ళు తాపు, మల్ల పెట్టి సూడు. దిగకపోతే నేనే నీతోని కామారెడ్డికి వస్త."

కూర్చున్నాను. అంత కష్టంగా నేను ఎప్పుడూ కూర్చోలేదు. కామారెడ్డి బస్సు వెళ్ళిపోయిన చప్పుడు విన్నాను. ఆమె మళ్ళీ ఆకు ముందేసుకుంది. రేకు పెట్టి కత్తిరించబోయి నవ్వింది. "చూడు, ఇదే నా చేతికి సరిగ్గ కూసుంటది. కొత్తది అక్కరకు రాలే." అరగంట తర్వాత థర్మామీటరు పెట్టాను. తొంభైఎనిమిది మీద కొంచెం. ఆమెకు చూపించాను. ఆమెకు అంకెలు తెలియవు, నా ముఖం చూసి తల ఊపింది.

మమ్మల్ని ఎల్లారెడ్డి బస్సు ఆమే ఎక్కించింది. దారంలోంచి పెద్ద చెవిని తీసి పాపకు ఇచ్చింది. "దీనికి తాళం లేదిగ. నీకే ఉండనీ."

బస్సు కదిలాక మా ఆయనకు ఫోను చేశాను. ఇచ్చేశానని, పాప బాగుందని, ఎల్లారెడ్డికే పోతున్నానని చెప్పాను. "ఏ ఊరు వచ్చింది?" అని అడిగాడు. బయటికి చూసి బోర్డు చదివి చెప్పాను. "సరే. చేరినంక ఫోన్ జెయ్యి" అన్నాడు. గొంతులో కోపం ఇంకా ఉంది. అయినా ఏ ఊరు వచ్చిందో అడిగాడు.

పాప తాళంచెవిని పిడికిట్లో బిగించి నా భుజం మీద నిద్రపోయింది. ఆ మూసిన పిడికిలిని చూస్తుంటే ఆనాటి బస్సే గుర్తొచ్చింది. విప్పి చూడాలని చెయ్యి పోయింది. ఆపుకున్నాను. కిటికీలోంచి వరిచేలు పోతున్నాయి, ఒకటి తర్వాత ఒకటి. చూస్తూ కూర్చున్నాను.

ఎల్లారెడ్డి ఇంకా రాలేదు, ఏదో కుదుపుకు కాళ్ళ దగ్గర చప్పుడైంది. వంగి చూస్తే తాళంచెవి. పాప పిడికిలి నిద్రలో దానంతట అదే విచ్చుకుంది.